రాత్రంతా లైటు కావాలంటే సూపర్ కెపాసిటర్‌ను నమ్ముకోకండి

బాయికాడ 40 వాట్ల ప్యానెల్, ఒక లైటు ఉన్నాయి, బ్యాటరీ రెండేళ్లు కూడా నిలవట్లేదు, దాని బదులు సూపర్ కెపాసిటర్లు (కరెంటును చకచకా నింపుకుని, చకచకా వదిలేవి) పెట్టొచ్చా అని అడిగారు. రాత్రి లైటు కోసమైతే వద్దు. ఇది నా కళ్లముందు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

నర్సంపేట దగ్గర మా బామ్మర్దికి మక్కచేను ఉంది. కంకి గింజ పట్టిందంటే అడవి పందులు దిగుతాయి, రాత్రి కావలి తప్పదు. వీడియోలు చూసి 500 ఫారడ్ (కెపాసిటర్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత), 2.7 వోల్టుల కెపాసిటర్లు ఆరు, వాటికి వోల్టేజీ సమానంగా పంచే బ్యాలెన్సింగ్ బోర్డుతో సహా తెప్పించాడు. "బావా, ఇగ నీళ్లు పోసుడు లేదు, మార్చుడు లేదు. లక్షల సార్లు ఛార్జ్ చేసినా ఏం గాదట" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ వాటిలో ఎంత కరెంటు నిల్వ పడుతుందో లెక్క కట్టి చూపిస్తే వినలేదు.

ఎండలో పెట్టిన నాలుగైదు నిమిషాలకే మీటరు 14 వోల్టులు దాటింది. వాడి ముఖం వెలిగిపోయింది. చీకటి పడ్డాక 9 వాట్ల ఎల్‌ఈడీ బుగ్గ తగిలించి, టిఫిన్ డబ్బా విప్పి కూర్చున్నాం. నేను మీటరు పక్కనే పెట్టుకున్నా. 13, 12, 11... అన్నం కలుపుతుండగానే అంకె దిగిపోతోంది. 9 వోల్టులకు వచ్చేసరికి కూర గిన్నె ఎక్కడుందో కనపడలేదు. పట్టుమని పది నిమిషాలు. మిగిలిన రాత్రంతా టార్చిలైటే గతి.

ఆరింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 83 ఫారడ్లు. 14.4 వోల్టుల దాకా నింపినా మొత్తం 2.4 వాట్ అవర్లు (ఒక వాటు బుగ్గ గంట వెలిగితే ఒక వాట్ అవర్), అందులో 9 వోల్టుల దాకా వాడుకునేది ఒకటిన్నర. బైకు బ్యాటరీ సైజులో ఉండే 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. సగమే వాడినా అదే బుగ్గ నాలుగు గంటలు పైనే వెలుగుతుంది. నల్లా ఎంత పెద్దదైనా చెంబు గోలెం కాదు కదా.

అసలు మీ బ్యాటరీ ఎందుకు పోతోందో చూడండి. రేకుల షెడ్డులో పెట్టి ఉంటారు. లెడ్ యాసిడ్‌కు 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో మన దగ్గర బయటే 44 దాటే రోజులుంటాయి, రేకు కింద చెప్పేదేముంది? పైగా డిస్టిల్డ్ వాటర్ ఎవరూ చూడరు, పూర్తిగా దిగిపోయేదాకా వాడతారు. మా ఊళ్లో సోలార్ దీపాల స్తంభాలకూ ఇదే గతి. ప్యానెళ్లు శుభ్రంగా ఉన్నాయి, బ్యాటరీలు చచ్చి ఏళ్లయింది, అడిగే నాథుడు లేడు. వేడికి సూపర్ కెపాసిటర్ కూడా తట్టుకోదు, దాని ఆయుష్షూ అలాగే తగ్గుతుంది.

అది పనికిరాని వస్తువని మాత్రం అనను. మోటరు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు బ్యాటరీ పక్కన పెడితే బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. షాంఘైలో స్టాపు స్టాపుకూ ఛార్జ్ చేసుకుంటూ దీని మీదే సిటీ బస్సులు నడిపారు. అక్కడ స్టాపు దగ్గర్లోనే ఉంటుంది, మనకు మళ్లీ తెల్లారాలి.

ఇంకో మాట. "సూపర్ కెపాసిటర్ బ్యాటరీ" అని అమ్మే డబ్బాలు కొన్నింట్లో ఉండేవి లిథియం సెల్సే. బుగ్గో ఏదో లోడు పెట్టి మీటరు చూడండి. నిజమైన కెపాసిటరైతే మొదటి నిమిషం నుంచే వోల్టేజీ దిగుతూ పోతుంది. చాలాసేపు ఒకేచోట నిలబడిందా, అది బ్యాటరీయే, దానికి ఎక్కువ ధర పెట్టకండి.

నా మాట వింటే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, దానికి సరిపోయే ఛార్జ్ కంట్రోలర్ తీసుకుని, రేకుకు దూరంగా నీడలో పెట్టండి. మా బామ్మర్ది ఇప్పుడు అదే వాడుతున్నాడు, పందులు రాకుండా కంచె తీగకు షాక్ ఇచ్చే జట్కా మిషన్ కూడా దాని మీదే నడుస్తోంది. మీ బుగ్గ ఎన్ని వాట్లో, రాత్రి ఎన్ని గంటలు వెలగాలో రాయండి, ఎన్ని ఏహెచ్ కావాలో లెక్క కట్టి చెప్తా.