ఉమ్మనీరు కారుతోందన్న అనుమానం వస్తే...

ప్రశ్న: మా అమ్మాయికి 32 వారాలు. నిన్నటి నుంచి కొద్దికొద్దిగా నీరు పోయి బట్టలు తడుస్తున్నాయి, నొప్పులు మాత్రం లేవు. ఎనిమిదో నెలలో మూత్రం అలా పడటం మామూలేనని వియ్యపురాలు గారంటున్నారు. ఒకవేళ ఉమ్మనీరే అయితే, నీళ్లు బాగా తాగిస్తే మళ్లీ ఊరుతుందా?
- ఒక తల్లి, తణుకు

జవాబు: ఇంకా ఆస్పత్రికి వెళ్లకపోతే ఈ పూటే బయల్దేరండమ్మా. నొప్పుల్లేవని ధీమాగా ఉండొద్దు. బిడ్డ చుట్టూ ఉండే రెండు పొరల్లో లోపలిదైన ఆమ్నియాన్‌కు నరాలు లేవు, అందుకే అది చిరిగినా నొప్పి తెలియదు. రక్తనాళాలూ లేని ఆ పల్చటి పొరకు బలమంతా కొల్లాజెన్ పోగులదే. కింది నుంచి పైకి పాకే ఇన్‌ఫెక్షన్ ఆ పోగుల్ని తినేస్తుంది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మెట్లెక్కిందనో, బిందె ఎత్తిందనో అమ్మాయిని మాత్రం తప్పుపట్టకండి.

మూత్రమైతే దగ్గినప్పుడో తుమ్మినప్పుడో పడుతుంది, వాసన తెలుస్తుంది. ఉమ్మనీరు బిగబట్టినా ఆగదు. ప్రయాణానికి సర్దుకుంటూనే ఒకటి చూడండి: మూత్రానికి వెళ్లొచ్చాక పొడి ప్యాడ్ పెట్టుకుని కాసేపు పడుకోమనండి. లేచి నిలబడగానే బుడుక్కున జారితే ఉమ్మనీరనే అనుకోవాలి. ప్యాడ్ పొడిగా ఉన్నా ప్రయాణం మానొద్దు. తడిసిన ప్యాడ్‌ను డాక్టరుకు చూపించండి, రంగు ముఖ్యం.

అక్కడ యోని లోపల చూసేందుకు స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, దగ్గమని, నీరు చేరుతోందా అని చూస్తారు. నొప్పులు లేనప్పుడు వేళ్లతో పరీక్ష చేయకపోవడమే మంచిది, క్రిములు పైకి వెళ్తాయి. ఆ నీరు తగిలి లిట్మస్ కాగితం నీలంగా మారడం ఒక్కటే చాలదు, రక్తం కలిసినా మారుతుంది. స్కాన్‌లో నీరు సరిపడా ఉందంటే కారడం లేదని అర్థం కాదు, ఇక్కడే చాలామంది మోసపోతారు.

34 వారాల్లోపు పొర చిరిగిందని తేలితే చేర్చుకుంటారు. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్, సాధారణంగా ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్లు 12 గంటలకోటి చొప్పున నాలుగు. ఇవి సమయానికి పడితే నెల తక్కువ బిడ్డ చాలావరకు గట్టెక్కుతుంది. ఇంట్లో ఆగితే పోయేది ఆ సమయమే.

ఇక నీళ్ల సంగతి. నాలుగు నెలలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. సంచి చెక్కుచెదరకుండా నీరు మాత్రమే తగ్గినప్పుడు తల్లి నీళ్లు తాగడం కొంత ఉపయోగం. చిరుగును అవి పూడ్చలేవు.

నీరు ఆకుపచ్చగా ఉన్నా, జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటినా, బిడ్డ కదలిక తగ్గినా 108కి ఫోన్ చేయండి. బొడ్డుతాడు బయటికి కనిపిస్తే లోపలికి తోయొద్దు. మోకాళ్ల మీద వంగి, తల కిందికి, నడుము పైకి ఉంచమనండి. బండి వచ్చేదాకా అలాగే ఉండాలి.

ప్రశ్న: 12 వారాల స్కాన్‌లో కవలలు, మాయ ఒక్కటే అన్నారు. ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బిడ్డల చుట్టూ ఉండే బయటి పొర, అంటే కోరియాన్, ఒకటే అని రిపోర్టులో రాశారో లేదో చూడండి. 14 వారాలు దాటితే అది తేల్చడం కష్టం. ఒకటే అయితే ఉమ్మడి మాయలోని నాళాల గుండా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు తరలిపోవచ్చు. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పనిసరి. ఈలోగా పొట్ట ఒక్కసారిగా పెరిగినా, ఆయాసం వచ్చినా తేదీ కోసం ఆగకుండా వెళ్లండి.