అమ్మడికి, క్రెష్ తెరిచే ముందు

అమ్మడూ,

బెంగళూరు మారతహళ్లిలో ఇంటి కింది పోర్షన్‌లో క్రెష్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో గర్వం. నాకూ గర్వమే, మన ఇంట్లో సొంతంగా బోర్డు కట్టే మొదటి ఆడపిల్లవి నువ్వు. కానీ ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకు మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే పెడతావని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇక్కడ చెన్నై పెరంబూరులో కూర్చుని నాలో నేను భయపడే బదులు నీకు రాస్తున్నాను.

గేటుకి గడియ, మెట్లకి అడ్డం, ఫినాయిల్ అందనంత ఎత్తులో. ఇవన్నీ నీకు తెలుసు. నేను చెప్పేది తిండి గురించి, ఊపిరి గురించి. పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నా భయాలు అక్కడివే.

మీ పెద్దన్నయ్య సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నువ్వప్పటికి పుట్టలేదు. వాడికి రెండేళ్లు. ఊరి నుంచి ఎవరో జీడిపప్పు పాకం తెస్తే, మీ నాయనమ్మ ముద్దుగా ఒక ముక్క నోట్లో పెట్టింది. కాసేపటికి పై పెదవి ఉబ్బింది, మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. వేడి చేసిందనుకుని, ఇంట్లో మిగిలి ఉన్న అలర్జీ సిరప్ పట్టింది. దద్దుర్లు తగ్గాయి, హమ్మయ్య అనుకుంది. వాంతి చేసుకున్నాడు. అరగనిది పోయింది, మంచిదే అంది. పొడిదగ్గు మొదలైతే చలిగాలి అంది. కళ్లు వాలుతుంటే నిద్రొస్తోందని ఉయ్యాల్లో వేసి జోల పాడింది.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. ఉయ్యాల్లోంచి వాడు మూలిగాడు. ఆ గొంతు వాడిది కాదు, బొంగురుపోయి ఉంది. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు, ప్రతి ఊపిరికీ మెడ కింద గుంట లోపలికి పోతోంది. ఆటోలో ఒళ్లో వేసుకుని పరిగెత్తాం. తొడకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పడ్డాక కొద్ది నిమిషాల్లోనే ముఖంలో రంగు తిరిగింది. సాయంత్రానికి మంచం మీద ఆడుకుంటుంటే, ఇక ఇంటికి పోదామని మా అమ్మ ఒకటే గొడవ. డాక్టర్ ఒప్పుకోలేదు. ఆ రాత్రి మళ్లీ పిల్లికూతలు, మళ్లీ ఇంజెక్షన్. ఈ అలర్జీ తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు. అందుకే ఆసుపత్రిలో ఉంచుతారు.

అమ్మని నేను ఏ రోజూ తప్పుపట్టలేదు. వాపు, వాంతి, దగ్గు, మగత అన్నీ ఆమె కళ్ల ముందే వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో మామూలు కారణం దొరికింది. అన్నిటినీ కలిపి చూడాలని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నీకు నేనున్నాను, కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

సిరప్ దురదని, దద్దుర్లని తగ్గిస్తుంది. గొంతు వాపుని తగ్గించి, బిగుసుకున్న శ్వాసనాళాలని త్వరగా వదులు చేసేది ఎడ్రినలిన్. చర్మం బాగుపడింది కదా, ఊపిరి కూడా బాగుంటుందిలే అనుకోకు. కొందరికి దద్దుర్లు అసలే రావు.

ఈ అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు వస్తుంది. నీ క్రెష్‌లో ఆ రెండు గంటలు ఏ టైమో ఆలోచించు. అన్నాలయ్యాక కర్టెన్లు వేసి అందరినీ పడుకోబెట్టే టైమ్! నా టెన్షనంతా అదే. గదిలో వెలుతురు ఉంచు. ముఖాలు కనబడేలా పడుకోబెట్టు. ఫోన్ చూస్తూ కూర్చోకుండా తిరుగుతూ ఒక్కొక్కరి ఊపిరి చూడు. రోజూ గోల చేస్తేగానీ పడుకోని పిల్ల ఈరోజు అన్నం తింటూనే తోటకూర కాడలా వాలిపోయిందంటే, దాన్ని నిద్ర అనుకోకు.

ఆ వయసు పిల్లలు ఊపిరి ఆడట్లేదని చెప్పలేరు. నాలుక గీక్కుంటారు, నోట్లో వేళ్లు పెట్టుకుంటారు, కారం లేని అన్నాన్ని కారం అంటారు. చొంగ మింగలేరు. ఏడుపు గొంతు మారుతుంది. దగ్గు ఆగదు. ఊపిరి తీసుకునేటప్పుడు గొంతులో కీచుమని, వదిలేటప్పుడు పిల్లికూతలా వినిపిస్తుంది. ముక్కుపుటాలు అదురుతాయి, పెదాలు పాలిపోతాయి. ఈ గుర్తులన్నీ మీ ఆయాకి ఆమె భాషలోనే చెప్పు, చేసి చూపించు. గొంతుకి అడ్డం పడటం వేరు. అది సాధారణంగా తింటుండగానే, ఒక్కసారిగా జరుగుతుంది, దగ్గుదామన్నా శబ్దం రాదు. దానికి ఏం చేయాలో శిక్షణ తీసుకున్నాకే గేటు తెరువు.

అనుమానం వస్తే ముందు 108కి ఫోన్, తల్లిదండ్రులకి తర్వాత. ఫోన్ ఆయా చేస్తుంది, నువ్వు పిల్లని వదలకు. వెల్లకిలా పడుకోబెట్టు, ఊపిరికి ఇబ్బంది పడుతుంటే ఆనించి కూర్చోబెట్టు. నడిపించకు, భుజాన వేసుకుని తిప్పకు, నీళ్లు తాగించకు. అలర్జీ ఉందని ముందే తెలిసిన పిల్లలైతే, డాక్టర్ రాసిచ్చిన కాగితం, బరువుని బట్టి డోసు రాసిన ఎడ్రినలిన్ లేకుండా చేర్చుకోకు. తొడకి ఆనించి నొక్కితే ఇంజెక్షన్ పడే ఎడ్రినలిన్ పెన్నులు ఇక్కడ అన్ని మందుల షాపుల్లో దొరకవు. సిరంజితో ఇవ్వాల్సి వస్తే తొడ మధ్యలో, బయటి వైపు ఎలా ఇవ్వాలో ఆ డాక్టర్ దగ్గరే నేర్చుకో. ఉబ్బసం ఉన్న పిల్లల మీద ఇంకో కన్ను వేసి ఉంచు. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ సంగతి నీకే తెలుసు, పిల్లల ఎమర్జెన్సీ చూసే దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే వెళ్లి కనుక్కుని రా.

పాలు, గుడ్డు, గోధుమ, వేరుశెనగ, జీడిపప్పు, సోయా, చేప, రొయ్య, నువ్వులు. వీటిలో ఏదీ ఏ పిల్లా మొదటిసారి నీ దగ్గర తినకూడదు, అది వాళ్ల ఇంట్లోనే జరగాలి. పల్లీలు చట్నీలో కనబడవు, జీడిపప్పు గ్రేవీలో కనబడదు. ప్యాకెట్ల మీద అలర్జీ పదార్థాలు రాయాలని 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనలు చెబుతాయి కానీ, ఆ జాబితాలో నువ్వులు లేవు. కాబట్టి ఇడ్లీ పొడి డబ్బా మీద హెచ్చరిక లేదని ధైర్యపడకు, అందులో ఏమేం వేశారో మొత్తం చదువు. పుట్టినరోజు కేకులు ఎవరు తెచ్చినా అడగకుండా పంచకు. ఆ తల్లి నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

ముందు అడ్మిషన్ ఫారం తయారు చేయి. పిల్లకి ఏం తింటే ఏమైంది, ఎంతసేపటికైంది, దగ్గు వచ్చిందా, ఉబ్బసం ఉందా, ఇంట్లో ఏ మందు ఇచ్చారు అనే ప్రశ్నలు అందులో ఉండాలి. ఆదివారం లోపు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి దిద్ది ఇస్తాను. క్రెష్ తెరిచే వారం నేనక్కడే ఉంటాను, టికెట్ చేయమని మీ నాన్నకి చెప్పాను.

మీ అత్త