ఇంట్లో నేనొక్కణ్నే ఓడిపోయానా?

ప్రశ్న: మాది గాజువాక. నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చి, ఇక్కడే వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెబుతున్నాను. అప్పటి జీతంలో ఇప్పుడు సగం కూడా రాదు. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. చుట్టాలొస్తే నాన్న అన్నయ్య సంగతులు చెప్పి, నా దగ్గరికొచ్చేసరికి మాట మార్చేస్తారు. మా భూమి స్టీల్‌ప్లాంటుకు పోతే నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద ఆయనకు అందులోనే ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యారు. నాకు వీసా రావాలని అమ్మ ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తోంది. నా భార్యది క్రైస్తవ కుటుంబం. ఇల్లు కొన్నవాళ్లు అది దేవుడి దయేనని చర్చిలో సాక్ష్యం చెబుతుంటే, "మీరెప్పుడు చెబుతారు బాబూ?" అంటారు అత్తగారు. దేవుడికి కూడా నేను పనికిరాలేదేమో అనిపిస్తోంది. కొన్నాళ్లుగా సరిగా నిద్ర లేదు.

జవాబు: నాన్నగారి భూమి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నన్ను ఆపింది ఆ వాక్యమే. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. ఆ ఫ్యాక్టరీ కోసం మీవాళ్లలాంటి కుటుంబాలు పొలాలు వదులుకున్నాయి. పొలం పోయిన మనిషికి పర్మినెంటు ఉద్యోగమే పొలం. 2021లో ఆ ప్లాంటునే ప్రైవేటుకిస్తామన్న ప్రకటన విన్నారాయన. ఇక్కడ ఏదీ నిలవదన్న భయం పట్టుకుంటే, కొడుకు ఎక్కడో దూరంగా, డాలర్లలో సంపాదిస్తుంటేనే గట్టున పడ్డాడనిపిస్తుంది. ఆయన మౌనంలో మీమీద చిన్నచూపు కన్నా ఈ బెంగే ఎక్కువుందని నా నమ్మకం.

ఇక దేవుడి సంగతి. వీసా కోసం మొక్కుకోవడం తప్పేమీ కాదు. చిలుకూరు బాలాజీకి కోరిక చెప్పి 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేసేవాళ్లు ఎందరో. మన పురుషార్థాల్లో అర్థమూ, అంటే సంపదా, ఉంది, కానీ ధర్మం తర్వాత ఉంది. పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదని చెప్పిన గీత పటం గోడకుండగానే ప్యాకేజీ ఎంతని అడుగుతాం. అత్తగారి బైబిల్లోనూ, అల్పుల్లో ఒకరికి చేసింది నాకు చేసినట్టేనన్న మాట మత్తయి సువార్తలో ఉంది. మీమీద తీర్పు చెబుతున్నది ఆ గ్రంథాలు కావు. వాటిలోంచి మనవాళ్లు తమకు కావలసినంత తీసుకున్నారు, అంతే.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. నెల ఖర్చు, పొదుపు, ఆరోగ్య బీమా ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఆయన బెంగకు లెక్కలే మందు. ఆ లెక్కల్లో లోటుంటే దాచొద్దు, ఎలా పూడుస్తారో కూడా చెప్పండి. తర్వాత, బడివాళ్లూ ఆ పిల్లల తల్లిదండ్రులూ ఒప్పుకుంటే ఒకరోజు ఆయన్ని తీసుకెళ్లండి. పెదాల ముందు కాగితం ముక్క పెట్టుకుని, అది కదిలేదాకా "ప" అని ప్రయత్నించే పిల్లాణ్ణి ఆయన కళ్లారా చూడాలి. మీరు పక్కన నిలబడి వివరించకండి. చూడనివ్వండి.

అమ్మను గిరి ప్రదక్షిణ మానమనొద్దు. ఈసారి ఆషాఢంలో కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మీరూ బయల్దేరండి. 32 కిలోమీటర్ల దారి, మాట్లాడుకోవడానికి బోలెడు సమయం. మీకేం కావాలో ఆమెను ఎవరూ అడగలేదు, మీరూ చెప్పినట్టు లేదు. అప్పన్నకు ఏం మొక్కుకోవాలో ఆ తర్వాత ఆమె ఇష్టం.

ఇంత రాసి, మీ ఆవిడ ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క రాయలేదు. ఈ జీతంతో కాపురం ఈదుతున్నది ఆమె కూడా. ముందు ఆమెను అడగండి. అత్తగారికి జవాబు ఆమె చెబితేనే బాగుంటుంది. సాక్ష్యమే కావాలంటే మీ బడి పిల్లల గురించి చెప్పొచ్చు.

నిద్ర సంగతి మాత్రం వాయిదా వేయకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపీకి వెళ్లండి. ఈలోగా మనసు మరీ బరువెక్కితే ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.