చిగుళ్ల రక్తానికీ దిగని షుగర్‌కీ లింకేంటి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పదేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు మానలేదు, రాత్రిపూట అన్నం కూడా మానేశాను, అయినా మూడు నెలల షుగర్ టెస్ట్ 8.6 దగ్గరే ఆగిపోయింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ కూడా ఎక్కువుందన్నారు. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కింద ముందు పన్ను ఒకటి కదులుతోంది. మా డాక్టరు గారు ముందు పళ్లు చూపించుకోమంటున్నారు. చిగుళ్లకీ షుగర్‌కీ ఏం సంబంధం? క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్లు వదులవుతాయని ఇంట్లో భయపెడుతున్నారు.
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ డాక్టరు గారు సరిగ్గానే చెప్పారండీ, వెళ్లండి. నేను విజయవాడలో చిగుళ్ల వైద్యం చేస్తాను. షుగర్ ఉన్నవాళ్లు చాలామంది మీలాగే విసుక్కుంటూనే వస్తారు, షుగర్ చూడమంటే నోరు తెరవమంటారేంటని.

కాలి మీద అగ్గిపెట్టె అంత పుండు పడి రోజూ రక్తం కారుతుంటే ఊరుకుంటారా? నోట్లో అయితే ఊరుకుంటాం, కనపడదు కాబట్టి. మామూలుగా పంటికీ చిగురుకీ మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు దాటదు. జబ్బు ముదిరితే ఆరేడు దాకా దిగుతుంది, లోపలి గోడ పచ్చిగా పుండుపడి ఉంటుంది. అన్ని పళ్ల చుట్టూ ఉన్న ఆ గోడని విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉండొచ్చని అంచనా. అగ్గిపెట్టె అన్నది అందుకే.

ఆ సందుల్లో చేరే బ్యాక్టీరియాల్లో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అని ఒకటుంది. సంఖ్యలో తక్కువే, కానీ మహా జిత్తులమారి. మన తెల్లరక్తకణాలని రప్పించే ప్రొటీన్లని తన ఎంజైములతో కోసి, వాటిని తనకి కావాల్సినట్టు వాడుకుంటుంది. మీ యార్డులో దొంగ దూరి వాచ్‌మన్ చేతులు కట్టేసి నోరు మాత్రం వదిలేశాడనుకోండి, అరుపులకి జనం చేరతారు, తోపులాటలో సరుకంతా నేలపాలు, దొంగ మాత్రం దొరకడు. ఇక్కడా అంతే. కణాలు వస్తాయి, దాన్ని చంపలేవు, వాపు మాత్రం ఆగదు. దానికి కావాల్సిందీ ఆ వాపే, ఎందుకంటే చితికిన కణజాలం, రక్తంలోని ఇనుము దాని తిండి. ఈ గొడవలో పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. మీ పన్ను కదలడానికి ఎక్కువగా అవకాశమున్న కారణం ఇదే.

ఇక ఆ పుండు నుంచి నమిలినప్పుడు, బ్రష్ చేసినప్పుడు బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి వెళ్తుంది, వాపు పుట్టించే రసాయనాలూ వెళ్తాయి. వాటిలో ఐఎల్-6 అనేది లివర్‌కి చేరితే అది సీఆర్‌పీ తయారుచేస్తుంది. టీఎన్ఎఫ్ అనేది ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది, దాంతో మాత్ర వేసుకున్నా షుగర్ మొండికేస్తుంది. పెరిగిన షుగర్ మళ్లీ చిగుళ్లని పాడుచేస్తుంది. ఎలుకల్లో ఇంకో సంగతి తేలింది: చిగుళ్ల జబ్బు ఉన్నవాటి ఎముక మజ్జ, అంటే రక్తకణాలు పుట్టే చోటు, తీసి వేరే ఎలుకలకి ఎక్కిస్తే, వాటికి కీళ్లవాపు మరింత తీవ్రంగా వచ్చింది. అంటే నోట్లో గొడవని మజ్జ గుర్తుపెట్టుకుంటోందన్నమాట.

అలాగని చిగుళ్లు బాగుచేస్తే షుగర్ పోతుందనుకోకండి. మంచి వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో ఆ 8.6 సగటున 0.4 దాకా తగ్గొచ్చు, అంతే. నాకైతే అది చిన్న లాభం అనిపించదు. సీఆర్‌పీ పెరగడానికి కాలి పుండు, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివీ కారణం కావచ్చు, అవీ చూపించుకోండి. గుండెపోటుకీ చిగుళ్ల జబ్బుకీ సంబంధం కనిపిస్తోంది గానీ చిగుళ్ల వైద్యంతో గుండెపోటు ఆగుతుందని ఇంకా రుజువు కాలేదు.

క్లీనింగ్ భయం గురించి. ఆ మధ్య ఒకావిడకి గార తీస్తుంటే ముక్క ట్రేలో టక్కుమని పడింది, 'అయ్యో, నా పన్ను తీసేశారా' అని లేచి కూర్చున్నారు. గోరంత, నల్లగా, రాయిలా ఉన్న గార అది. ఎముక కరిగాక పళ్లని అదే సిమెంటులా పట్టి ఉంచుతుంది, తీయగానే సందులు బయటపడతాయి, తప్పు మా మీద పడుతుంది. చిగురు కింద వేర్ల దాకా శుభ్రం చేయించాలి, ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఉప్పు, పసుపు, వేపపుల్ల ఆ లోతుకి చేరవు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగకండి.

వెళ్లేరోజు టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని, రిపోర్టులు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నా చెప్పాలి, కొందరికి దానివల్ల చిగుళ్లు వాస్తాయి. సిగరెట్, చుట్ట ఉంటే దాచకండి, పొగ తాగేవాళ్లకి జబ్బు ముదిరినా రక్తం అంతగా కనపడదు. ఖర్చు బరువనుకుంటే విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మొహం వాచినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.

ఆ కదిలే పన్ను నిలుస్తుందో లేదో ఎక్స్‌రే చూస్తే గానీ చెప్పలేను. ఈలోగా నాలుకతో, వేలితో మాటిమాటికీ కదిపి చూసుకోవడం మానేయండి.