రక్తపిశాచుల ప్రేమనవలల్లో గట్టి నాయిక ఉన్న నవల ఏది?

రక్తపిశాచులు, మాయాలోకం, ప్రేమ ఉన్న నవల కావాలని, అందులో నాయిక ఎవరో వచ్చి కాపాడేదాకా కూర్చుని ఏడ్చే మనిషి కాకూడదని మీరు అడిగారు. నేను ఒక్క నవలే చెబుతాను. అది కరిస్సా బ్రాడ్‌బెంట్ ఆంగ్లంలో రాసి, 2022లో మొదట సొంతంగా ప్రచురించుకున్న ‘ది సర్పెంట్ అండ్ ది వింగ్స్ ఆఫ్ నైట్’. నేను దీన్ని ఇప్పటికి మూడుసార్లు చదివాను.

నాయిక ఒరాయా మనిషి. పసితనంలో శిథిలాల మధ్య దొరికిన ఆమెను రక్తపిశాచుల రాజు విన్సెంట్ తెచ్చుకుని, కూతురిగా పెంచుతాడు. రాజు కూతురన్న మాటే గానీ, ఆ కోటలో ఆమె నెత్తురు వాసన పసిగట్టి నోరూరని వాళ్లు తక్కువ. మృత్యుదేవత న్యాక్సియా పేరిట వందేళ్లకొకసారి కెజారి అనే ప్రాణాంతకమైన పోటీ జరుగుతుంది. గెలిచినవారికి దేవత ఒక వరం ఇస్తుంది. ఇంకెవరికీ ఆహారం కాని బతుకు కావాలన్న ఒకే కోరికతో ఒరాయా అందులో దిగుతుంది. అక్కడ ఆమెకు తోడుగా నిలిచే రక్తపిశాచి రైన్ ఆమెకు ప్రత్యర్థి కూడా. వారిద్దరి మధ్య ప్రేమ చాలా నెమ్మదిగా, ఒకరి వెనుక ఒకరు నిశ్చింతగా నిలబడగలిగిన తరువాతే మొదలవుతుంది.

ఆమె రెండు చేతులా కత్తులు పడుతుంది, రాత్రిళ్లు మనుషుల పేటలకు వెళ్లి అక్కడ వేటాడే రక్తపిశాచులను చంపుతుంది. అయితే నన్ను కట్టిపడేసింది ఆ కత్తులు కాదు, ఆమె భయపడే తీరు. ఎదుటివాడికి తన గుండె చప్పుడు వినబడుతుందని ఆమెకు తెలుసు. భయమంటే ఒంట్లో జరిగే కొన్ని మార్పులేనని, వాటిని అదుపులో పెట్టుకోవచ్చునని తండ్రి నేర్పిన పాఠాన్ని తలుచుకుంటూ, ఊపిరిని, గుండెను దారికి తెచ్చుకుని అప్పుడు అడుగు వేస్తుంది.

అది చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ట్యూషన్ నుంచి ఇంటికి వస్తుంటే మా సందు మలుపులో రెండు కుక్కలు మీదికి వచ్చాయి. నేను పరుగు అందుకోబోతుంటే నాన్నగారు నా మణికట్టు పట్టుకుని, ‘పరుగెత్తకమ్మా, ఊపిరి మెల్లగా వదులు, నడుస్తూనే ఉండు’ అన్నారు. ఆయన వేళ్ల కింద నా నాడి టకటకా కొట్టుకోవడం నాకే తెలిసింది. ఇంటి గుమ్మం చేరేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు. పదమూడేళ్ల తరువాత నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే, ధైర్యం నేర్పిన ఆ నాన్నగారే ఒంటరిగా ఎలా పంపడమని నెల రోజులు ఒప్పుకోలేదు. విన్సెంట్ ప్రేమలో అబద్ధం లేదు. కానీ ఆ ప్రేమే ఒరాయా చుట్టూ గోడ కూడా అయింది. ఈ సంగతిని ఇంత సూటిగా పట్టుకున్న ప్రేమనవల నాకు మరొకటి కనబడలేదు. మా నాన్నగారు ఏ సింహాసనం మీదా లేరు, ఎవరినీ చంపలేదు, కాబట్టి పోలిక అక్కడితో సరి.

1897లో వచ్చిన ‘డ్రాకులా’ను చదివి ఉంటే ఈ నాయిక విలువ మీకు మరింత తెలుస్తుంది. అందులో డ్రాకులా అనే రక్తపిశాచిని వేటాడే బృందంలోని మీనా, ఆ బృందంలో అందరి డైరీలనూ టైపు చేసి, తేదీల వరుసలో పేర్చి పెడుతుంది. రైళ్ల వేళలు ఆమెకు కంఠస్థం. చివరలో డ్రాకులా ఏ నది మీదుగా పారిపోతున్నాడో ఊహించి చెప్పేదీ ఆమే. అంతటి మనిషిని, ఆడవారికి ఈ ప్రమాదం తగదని మగవాళ్లు పక్కన పెట్టి వెళ్లిన రోజుల్లోనే డ్రాకులా ఆమె నెత్తురు తాగుతాడు. ఆ ఘట్టం దగ్గర నాకు ఎప్పుడు చదివినా కడుపు మండుతుంది. రైన్ ఒరాయాను అలా పక్కన పెట్టడు, మెత్తబడమనీ అడగడు. వారి ప్రేమను నేను నమ్మింది అందుకే.

ఒక హెచ్చరిక చేయాలి. ఇది పెద్దల నవల. నెత్తురు, హింస, శృంగారం దాపరికం లేకుండా ఉంటాయి, ఒరాయా గతంలో ఆమెపై జరిగిన ఒక దాడి ప్రస్తావన కూడా ఉంది. కాలేజీలో చేరని పిల్లల చేతికి ఇవ్వవద్దు. తొలి అధ్యాయాల్లో రక్తపిశాచుల వంశాల పేర్లు, రెక్కల తేడాలు కొంత తికమక పెడతాయి. గబ్బిలం రెక్కలవారు హియాజ్, ఈకల రెక్కలవారు రిషాన్ అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఇక ముగింపు మిమ్మల్ని నడిమధ్యలో నిలబెడుతుంది కనుక 2023లో వచ్చిన రెండో భాగం ‘ది యాషెస్ అండ్ ది స్టార్-కర్స్‌డ్ కింగ్’ను కూడా ముందే తెచ్చి పెట్టుకోండి. తండ్రి గురించి ఒరాయా అడగకుండా మింగిన ప్రశ్నలన్నీ ఆ భాగంలోనే పైకి వస్తాయి.