ఆమెకు తెలియని పద్దు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది నెల్లూరు. ఆరేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో ఉంటున్నాను. ఆఫీసులో నాతో పనిచేసే ఒంగోలు అమ్మాయిని రెండేళ్లుగా ప్రేమిస్తున్నాను. పండగలకు ఆమె బస్సు టికెట్లు నేనే తీసేవాణ్ని. రాత్రి ఎంత పొద్దుపోయినా బస్సు కదిలేదాకా ఉండి వచ్చేవాణ్ని. ఆమెకు డెంగీ వచ్చినప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి కుర్చీలోనే గడిపాను. ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. ఇప్పుడు ఆమె వేరే కంపెనీలో పనిచేసే అబ్బాయిని ఇష్టపడి, ఇంట్లోవాళ్లను ఒప్పించుకుంది. వచ్చే నెల నిశ్చితార్థం. అతను ఆమెను అరగంటసేపు రోడ్డు మీద నిలబెట్టి తీరిగ్గా వచ్చే రకం. ఆమె పుట్టినరోజు కూడా మరిచిపోయాడు. సినిమాల్లో చివరికి మంచివాణ్నే అమ్మాయి గుర్తిస్తుంది కదా, నన్నెందుకు గుర్తించలేదు? మంచిగా ఉండటమే నా తప్పా? నిశ్చితార్థంలోపే మనసులో మాట చెప్పేయమని స్నేహితులు అంటున్నారు. చెప్పమంటారా?

సమాధానం: మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన మాట ఆ ఆసుపత్రి కుర్చీ. మూడు రాత్రులు ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి ప్రేమను నేను తక్కువ చేయను. మీ దుఃఖం నిజమైనది. దాన్ని పిచ్చి అని ఎవరన్నా నమ్మకండి.

అయితే ఆమె మిమ్మల్ని గుర్తించలేదన్నది నిజం కాదు. మీరు ఎలా కనిపించారో అలాగే గుర్తించింది: నమ్మకమైన స్నేహితుడిగా. అంతకు మించి తెలియడానికి మీరు చెప్పలేదు కదా! హద్దు దాటలేదని రాశారు. ‘నువ్వంటే నాకు ఇష్టం, నీ మనసులో ఏముంది?’ అని ఒకసారి అడిగి, కాదంటే ఆ మాటను గౌరవించడం హద్దు దాటడం కాదు, అదే మర్యాద. అడగకుండా మీరు ఒక్కో టికెట్టూ, ఒక్కో రాత్రీ మనసులో పద్దు రాసుకుంటూ వచ్చారు. అప్పు తీసుకుంటున్నానని తెలియని మనిషి బాకీ ఎలా తీరుస్తుంది?

ఇందులో ఆమె వైపు కూడా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి చోట ఇరుక్కున్న అమ్మాయిలతో నేను మాట్లాడాను. వాళ్లు ఎక్కువగా బాధపడేది అబ్బాయి ప్రేమించాడని కాదు. ‘ఇన్నాళ్ల స్నేహంలో ఏది నిజం? నేను తీసుకున్న ప్రతి సాయానికీ ఇప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలా?’ అని. మంచి స్నేహితుడు దొరికాడని అనుకున్న చోట ఒక్క సాయంత్రంలో ఆ స్నేహమంతా అనుమానంగా మారిపోతుంది. అది చిన్న నష్టం కాదు.

ఇక సినిమాల సంగతి. 2004లో వచ్చిన ‘ఆర్య’ గుర్తు తెచ్చుకోండి. అందులో అజయ్ చచ్చిపోతానని బెదిరించి గీత చేత అవుననిపించుకున్నవాడు. పోటీదారుణ్ని అలా మలిచాక ప్రేక్షకుడి మనసు ఆర్య వైపు కాక ఎటు పోతుంది? తీర్పు కథ మొదట్లోనే అయిపోయింది. ఇప్పుడు మీ ఉత్తరం చూడండి. పెళ్లికొడుకు గురించి రెండే వాక్యాలు రాశారు, రెండూ అతని తప్పులే. అతనిలో ఆమెకు ఏం నచ్చిందో ఒక్క ముక్క లేదు. ఇంట్లోవాళ్లతో పోరాడి ఒప్పించుకునేంత ఇష్టం ఊరికే రాదు. మీరు కావాలని దాచారని నేను అనను. మన కథలో మనమే కథానాయకులం కాబట్టి ఎదుటివాడి మంచి మనకు కనపడదు, అంతే.

మీకు ఇంకో సినిమా చెబుతాను, వీలైతే ఒంటరిగా కూర్చుని చూడండి. 2009లో ఇంగ్లీషులో వచ్చిన ‘500 డేస్ ఆఫ్ సమ్మర్’. ఇది ప్రేమకథ కాదని మొదట్లోనే చెబుతారు. గట్టి బంధమేదీ తనకు వద్దని అందులో కథానాయిక ముందే చెప్పినా కథానాయకుడు వినిపించుకోడు. ఒకచోట తెర రెండు ముక్కలవుతుంది. ఒకవైపు ఆమె ఇంట్లో విందుకు వెళుతూ అతను ఊహించుకున్నది, రెండోవైపు నిజంగా జరిగింది. నిజం ఉన్న సగంలో ఆమె వేలికి ఉంగరం ఉంటుంది. చూసినవాళ్లలో చాలామంది ఆ అమ్మాయినే తిట్టుకున్నారు. ఆ అబ్బాయి పాత్ర వేసిన జోసెఫ్ గోర్డన్ లెవిట్ మాత్రం, మళ్లీ చూడండి, అతనిలో ఎంత స్వార్థముందో గమనించండి అని తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఒక తేడా ఉంది. మీ అమ్మాయి మీకు ముందే చెప్పే అవకాశం కూడా లేకపోయింది, మీరు అడగలేదు కాబట్టి.

చెప్పమంటారా అని అడిగారు. వద్దు. పెద్దలు బలవంతంగా కుదిర్చిన సంబంధమైతే, ‘నీకు ఇష్టమేనా?’ అని స్నేహితుడిగా తప్పకుండా అడగమనేదాన్ని. ఇది ఆమె ఎంచుకున్నది. ఇప్పుడు చెబితే మీ గుండె బరువు దిగి, ఆ బరువు నిశ్చితార్థం పనుల మధ్య ఉన్న ఆమె నెత్తిన పడుతుంది. చెప్పుకోకుండా ఉండలేకపోతే అన్నతోనో, తమ్ముడితోనో చెప్పుకోండి. ఉసిగొల్పే స్నేహితులకు కొన్నాళ్లు దూరంగా ఉండండి. ఎప్పుడైనా ఆమే గమనించి అడిగితే మాత్రం అబద్ధం ఆడవద్దు. రెండు మాటల్లో చెప్పి, జవాబు ఆశించకండి.

నిశ్చితార్థానికి వెళ్లి నవ్వుతూ నిలబడాల్సిన అవసరం లేదు. ఫోనులో శుభాకాంక్షలు చెప్పండి, చాలు. టికెట్లు, బస్సు దగ్గర ఎదురుచూపులు మెల్లగా మానేయండి. ‘ఈసారి నాకు కుదరదు’ అంటే సరిపోతుంది, కారణం చెప్పనక్కరలేదు. కోపంతో మొహం చాటేయకండి.

మంచిగా ఉండటం తప్పు కాదు. ఈ ప్రశ్న ఒక్కటి మీకు మీరే వేసుకోండి: ఆ రెండేళ్లలో ఇంకెవరి కోసం ఆసుపత్రిలో కూర్చున్నారు? జవాబుగా ఇంకో పేరు వస్తే అది మీ మంచితనం. ఆమె ఒక్కతే వస్తే అది ఆశ. ఆశ పడటం నేరమేమీ కాదు, కానీ దాన్ని ఆశ అనే పిలవాలి. ఇంకెప్పుడైనా ఎవరైనా నచ్చితే రెండేళ్లు ఆగవద్దు, రెండు మూడు నెలల్లో అడగండి. అప్పటికి కాదన్న మాట ఇంత లోతుగా గుచ్చుకోదు.

నిద్ర, తిండి లేకుండా రెండు వారాలు దాటితే ఒంటరిగా భరించకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మీరున్న ఊళ్లోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. వచ్చే పండక్కి మాత్రం మీ కోసం ఒక్క టికెట్టే తీసుకుని నెల్లూరు వెళ్లి, అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉండి రండి.