అమ్మడూ, ముందు నీ చెయ్యి జాగ్రత్త

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆఫీసు ఫంక్షన్‌లో అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పాట 'ద థ్రిల్ ఈజ్ గాన్' వాయిస్తానని ఒప్పుకున్నావట. నా తర్వాత మన ఇంట్లో గిటార్ పట్టింది నువ్వే. చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. సగం సంతోషంతో. మిగతా సగం, పగలంతా కీబోర్డు కొట్టి మళ్లీ రాత్రి ఒంటిగంట దాకా వాయిస్తున్నావని, చెయ్యి నొప్పెడుతున్నా ఇంట్లో చెప్పలేదని విని.

శ్రుతి చూసుకో, తాళానికి మెట్రోనోమ్ పెట్టుకో, రికార్డింగ్ రోజూ విను. ఇవి నీకు తెలిసినవే.

1969 నాటి ఆ రికార్డింగ్ బి మైనర్ శ్రుతిలో ఉంది. పన్నెండు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల పన్నెండు తాళం చుట్లు. వాటిలో వచ్చే కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాలు, ఇవి: నాలుగు బి మైనర్, రెండు ఇ మైనర్, మళ్లీ రెండు బి మైనర్, ఒకటి జి, ఒకటి ఎఫ్ షార్ప్ సెవెన్, చివరి రెండు బి మైనర్. ముందు పాట వెనక కార్డ్స్ కొట్టే కంపింగ్ నేర్చుకో, ఒక్కో స్వరం పలికించే లీడ్ తర్వాత. కింగ్ పాడేటప్పుడు వాయించడు. గొంతు ఆగినచోట గిటార్ అందుకుంటుంది. ఆ చోటు ఎక్కడుందో కార్డ్స్ పట్టినవాళ్లకే ముందు తెలుస్తుంది.

ఆరు తీగలూ అదిమిపట్టే బార్ కార్డ్ అక్కర్లేదు. ఏడో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీది ఏడో మెట్టులో, నాలుగు, మూడు, రెండు తీగల మీద ఒక్క వేలు పడుకోబెట్టు. కింద బేస్ గిటార్ బి వాయిస్తుంటే అదే బి మైనర్ సెవెన్. కొట్టగానే వేలు వదులు చెయ్యి, తీగ మీంచి తియ్యకు. శబ్దం టక్కున ఆగుతుంది, చేతికీ విశ్రాంతి.

ఇక నేను చేసిన తప్పు. 1984లో విజయవాడలో నాకున్నది స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్, పన్నెండో నంబరు లావు తీగలు. కాసెట్ వెనక్కి తిప్పి తిప్పి ఈ పాటలోని బెండ్లే, అంటే తీగను పక్కకి నెట్టి స్వరం పెంచడమే, సాధన చేశాను, ఒంటి వేలితో, మణికట్టు వంచి. రెండో వారానికే సలుపు మొదలైంది. నొప్పి పుడుతోందంటే చెయ్యి తిరుగుతోందనుకున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి ఇరవై రోజులే ఉంది, ఎవరితోనూ అనలేదు. స్టేజీ మీద బాగానే వాయించాను. మర్నాడు పొద్దున గ్లాసు చేతిలోంచి జారిపోయింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. ఎడమచెయ్యే కదా అనుకోకు, నాది ఎడమచేతి వాటం. పరీక్షల్లో పెన్ను పట్టలేక ఒక పేపరు పోయింది. ఆరు నెలలు గిటార్ ముట్టుకోలేదు. ఆ రోజుల్లో అన్నం కలిపి ముద్దలు పెట్టింది మీ అమ్మ, అప్పటికి ఎనిమిదో క్లాసు. నువ్వు రాత్రుళ్లు మేలుకుంటున్నావని చెబుతూ దాని గొంతు ఎందుకు వణికిందో ఇప్పుడు అర్థమైందా? చదువుకున్నదానివి, నొప్పెడుతుంటే ఇంట్లో చెప్పాలని తెలియదా తల్లీ? నిన్ను తిడుతున్నానంటే ఆ వయసులో నన్ను తిట్టినవాళ్లు లేకే.

బెండ్ ఇలా చెయ్యి. రెండో తీగ పన్నెండో ఫ్రెట్ మీటి ఆ బి స్వరం చెవిలో నింపుకో. తర్వాత పదో ఫ్రెట్‌లో ఉంగరం వేలు పెట్టి, అదే తీగ మీద వెనకే మధ్యవేలు, చూపుడువేలు కూడా ఆన్చి, ఆ బి వచ్చేదాకా నెట్టు. బొటనవేలు గిటార్ మెడ పైనుంచి పట్టుకోవాలి, చూపుడువేలి మొదలు మెడ కింద ఆనాలి. నెట్టేది వేళ్లు కాదు, తలుపు పిడి తిప్పినట్టు ముంజెయ్యి తిరగాలి. అమ్మమ్మ వీణ మీద తీగ లాగుతుంటే ఆవిడ మోచెయ్యి ఎలా కదిలేదో గుర్తుందా?

ఇరవై నిమిషాలు వాయించు, పది నిమిషాలు ఆపు. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజుకి గిటార్ పెట్టెలో పెట్టెయ్. ఫంక్షన్ దగ్గరపడినా సరే.

నీ ఎలక్ట్రిక్ గిటార్‌కి తొమ్మిదో నంబరు సన్న తీగలు రెండు సెట్లు కొరియర్ చేశాను. ఎక్కించాక ఫోన్ చెయ్యి. దసరాకి వచ్చేటప్పుడు గిటార్ తీసుకురా, కార్డ్స్ నేను పడతాను.

మీ పెద్దమామయ్య